దారి చూపేది బండా, చేతిలో ఫోనా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మమ్మల్ని చదువుల గురించో, స్కాలర్‌షిప్పుల గురించో మాట్లాడమనేవారు. ఈసారి కార్యదర్శి గారు వేరే పని పెట్టారు. రోగులను ఆసుపత్రికి చేర్చడానికి సంఘం తరఫున ఒక వ్యాను కొనాలని మనమంతా అనుకొంటున్న సంగతి మీకు తెలిసినదే. చూసి వచ్చిన రెండు మోడళ్ళలో ఒకదానికి దారి చూపే మ్యాపు బండిలోనే బిగించి వస్తుంది. రెండవ దానికి రాదు. ధరలో తేడా చిన్నదేమీ కాదు. "జేబులో ఫోనుండగా బండిలో మళ్ళీ మ్యాపెందుకు?" అని కుర్రకారు. "ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఫోనును నమ్ముకొంటారా?" అని పెద్దలు. మధ్యలో మమ్మల్ని పట్టుకొని, మాస్టారు గదా, చదివి చెప్పండన్నారు. మేము ఉర్దూ మీడియం పిల్లలకు పాఠాలు చెప్పుకొనేవాళ్ళమే గాని మోటారు విద్య తెలిసిన వాళ్ళం కాము. అయినా చందా డబ్బు మీది. కువైట్‌లోను, దోహాలోను ఎండలో నిలబడి పిల్లలు పంపిన డబ్బు అందులో వుంది. దాన్ని ఎక్కడ ఖర్చు పెడుతున్నామో తెలిసి పెట్టడం మంచిది గనుక ఒప్పుకొన్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మ్యాపు కోసమని ఖరీదైన మోడలు కొనవద్దు. ఫోనే మేలు. అయితే ఆ ఫోనును ఇప్పుడు మనం వాడుతున్న తీరు మాత్రం మేలైనది కాదు. ఎందుకో మనవి చేస్తాం.

మొదట ఒక అపోహ తీర్చుకోవాలి. "లంకల్లో సిగ్నల్ వుండదండీ, ఫోనులో జి.పి.ఎస్. పనిచెయ్యదు" అని మనలో చాలామంది అంటారు. అది సరికాదు. సెల్ టవరు వేరు, జి.పి.ఎస్. వేరు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అమెరికా ఉపగ్రహాలు ఎప్పుడూ "ఇప్పుడు టైము ఇంత, నేనున్న చోటు ఇది" అని ఆకాశం నుంచి చాటుతూ వుంటాయి. మన ఫోను ఆ మాట వింటుంది, అంతే. తిరిగి ఏమీ పంపదు. నాలుగు ఉపగ్రహాల మాట వినబడితే చాలు, ఎవరి కబురు ఎంత ఆలస్యంగా చేరిందో లెక్క కట్టి తానెక్కడున్నదో తెలుసుకొంటుంది. టైము లెక్కలో సెకనుకు పది లక్షల వంతుల్లో ఒక్క వంతు తప్పినా చోటు 300 మీటర్లు తప్పుతుంది, అంత నాజూకైన పని. 1978లో మొదటి ఉపగ్రహం ఎగిరింది, 1995 నాటికి ఏర్పాటు పూర్తయింది. మామూలు జనానికి అందే కబురును అమెరికా వారు కావాలని కాస్త మసక చేసి వుంచేవారు. 2000 సంవత్సరం మే నెలలో ఆ మసక తీసేశారు. ఆనాటి నుంచే ఈ వ్యాపారమంతా పుంజుకొంది. ఇప్పుడు రష్యా, ఐరోపా, చైనా ఉపగ్రహాలూ వున్నాయి, మన దేశపు నావిక్ కూడా వుంది.

కాబట్టి ఇంటర్‌నెట్ లేకపోయినా, అసలు సిమ్ము కార్డే లేకపోయినా ఫోనుకు తానెక్కడుందో తెలుస్తుంది. నెట్ కావలసింది నక్షా తెప్పించుకోవడానికి, దారిలో రద్దీ తెలుసుకోవడానికి. (నక్షా అనే మాట అరబ్బీ మూలంది. ఉర్దూలో నుంచి వచ్చి కరణాల కాగితాల్లో స్థిరపడి తెలుగైపోయింది. వాడుకొందాం.) ఆ నక్షాను ముందే ఇంటి దగ్గర దింపి వుంచుకోవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో 'ఆఫ్‌లైన్ మ్యాపులు' అని ఒక చోటుంది. కోనసీమ, రాజమండ్రి, కాకినాడ వచ్చేటట్టు ఒక చదరం గీసి దింపుకొంటే నెట్ పోయినా కారు దారి చెబుతూనే వుంటుంది. రద్దీ సంగతి మాత్రం చెప్పదు. బండిలో బిగించిన మ్యాపుకు వున్న పెద్ద గొప్ప "నెట్ లేకపోయినా నడుస్తుంది" అన్నదే గదా! ఆ గొప్ప ఇలా సగానికి సగం పోయినట్టే.

బండిలో మ్యాపు ఫోను కన్న చాలా పాతది. 1981లో జపాను హోండా వారు ఉపగ్రహాల సాయం లేకుండానే నడిచే ఒక యంత్రం పెట్టారు. గైరో ఒకటి బండి తిరిగిన తిరుగుడును పట్టేది, చక్రం నడక దూరాన్ని పట్టేది. పల్చని రేకు మీద అచ్చు వేసిన నక్షా వెనుక వెలుగు చుక్క కదిలేది. 1990లో మజ్దా వారు ఉపగ్రహంతో నడిచేదాన్ని కారులోనే బిగించి అమ్మారు. గూగుల్ మ్యాప్స్ వచ్చింది 2005లో. మన దేశంలో 1995 నుంచి మ్యాప్‌మైఇండియా అనే ఢిల్లీ కంపెనీ ఈ పని చేస్తున్నది, ఇక్కడి కార్లలో బిగించి వచ్చే నక్షాలు చాలా వరకు వారివే. ఇంకొక సంగతి విన్నారా? ఆ కంపెనీ నక్షాయే మ్యాపుల్స్ అన్న పేరుతో ఫోనులో ఉచితంగా దొరుకుతుంది!

ఇక అసలు విషయానికి వద్దాం. యంత్రం ఎంత మంచిదైనా, నక్షా పాతదైతే ఏం లాభం? మనది దీవి. ఇటు వైనతేయ, అటు వశిష్ఠ. దాటాలంటే పి.గన్నవరం అక్విడక్టు, పాశర్లపూడి - బోడసకుర్రు వంతెన, దిండి - చించినాడ వంతెన, లేకుంటే సఖినేటిపల్లి రేవులో పంటు. పాశర్లపూడి వంతెన లేని రోజుల్లో తాటిపాక నుంచి అమలాపురానికి బస్సులో వెళ్ళాలంటే గన్నవరం మీదుగా చుట్టు తిరిగి వెళ్ళడం పెద్దలకు గుర్తే. ఆ వంతెనకు ముందు అచ్చయిన నక్షా బండిలో వుందనుకోండి. పాపం అది ఇప్పటికీ రోగిని గన్నవరం మీదుగానే తిప్పుతుంది. దాని తప్పేముంది? దానికి ఎవరూ చెప్పలేదు. బండి మ్యాపును కొత్తది చేయించాలంటే కొన్నిటికి సర్వీసు సెంటరుకు పోవాలి, కొన్నిటికి పెన్ డ్రైవులో దింపుకొని ఎక్కించాలి, కొన్నిటికి రుసుము కట్టాలి. సొంత సిమ్ముతో వచ్చే కొత్త రకం బళ్ళు తమంతట తామే మార్చుకొంటాయి గాని, చాలా కంపెనీలు మొదటి కొన్నేళ్ళు ఉచితమని తరువాత ఏటా డబ్బు అడుగుతాయి. వ్యాను పదిహేనేళ్ళు తిరుగుతుంది. ఆ సిమ్ము పదిహేనేళ్ళు పనిచేస్తుందని హామీ ఏమిటి? 2022లో అమెరికాలో 3జి ఆపేసినప్పుడు దాని మీద ఆధారపడ్డ ఎన్నో కార్లకు నెట్‌తో నడిచే సౌకర్యాలు ఆగిపోయాయి. బళ్ళు బాగానే వున్నాయి, వాటి చెవులు మూసుకుపోయాయి. ఫోనైతే పాడయితే మరొకటి కొంటాం.

రద్దీ విషయంలో కూడా ఫోనుదే పైచెయ్యి. దారి మీద ఎరుపు, పసుపు గీతలు ఎవరో కెమెరాలో చూసి గీసేవి కావు. ఆ దారిన పోతున్న మనందరి ఫోన్లు నెమ్మదిగా కదులుతున్నాయా, వడిగా కదులుతున్నాయా అన్నదే లెక్క. అంతర్వేది తీర్థం రోజుల్లో మలికిపురం వైపు రోడ్డు ఎర్రబడితే అది నిజమే, అక్కడ వేల ఫోన్లు నిలబడి వున్నాయి గనుక. దీనికి రెండో వైపు కూడా వుంది, దాన్ని గట్టిగా గుర్తు పెట్టుకోండి. ఫోన్లే లేని సందు మీద దానికి సమాచారం లేదు. రాత్రి పెళ్ళి పందిరి వేసి సందు మూసేస్తే మ్యాపు ఆ సందును హాయిగా చూపిస్తుంది. ఎర్ర గీత లేదంటే దారి తెరిచి వుందని అర్థం కాదు.

మరి బండి మ్యాపుకు ఏ గొప్పా లేదా అంటే వుంది, దాచకూడదు. అది చక్రాల నడక, బండి తిరుగుడు కూడా లెక్కలోకి తీసుకొంటుంది గనుక సొరంగంలో గాని, ఫ్లైఓవర్ల కింద గాని ఉపగ్రహం కనబడకపోయినా కొంతసేపు దారి తప్పదు. ఏంటెనా బండి కప్పు మీద వుంటుంది. ఎండకు కాగి ఆరిపోదు. మే నెలలో డాష్‌బోర్డు మీద పెట్టిన ఫోను కాసేపటికి మసకబారి, వేడెక్కానని చెప్పి కూర్చోవడం మన డ్రైవరు తమ్ముళ్ళందరూ చూసిందే. పైగా రోగి బంధువులు నిమిషానికొకసారి ఫోను చేస్తారు, చేసినప్పుడల్లా దృష్టి పోతుంది. తెర పెద్దది, కంటికి ఎదురుగా వుంటుంది, చెయ్యి స్టీరింగు వదలదు. ఇవన్నీ నిజమే. కాని వీటికి మధ్యే మార్గం ఒకటుంది. ఖరీదు తక్కువ మోడళ్ళలో కూడా ఇప్పుడు తెర వస్తున్నది. ఫోనును దానికి తగిలిస్తే ఫోనులో మ్యాపు ఆ తెర మీదనే కనబడుతుంది, మాట బండి స్పీకరులో వినబడుతుంది. ఐఫోనుకు కార్‌ప్లే అని 2014లో, మిగతా ఫోన్లకు ఆండ్రాయిడ్ ఆటో అని 2015లో వచ్చాయి. కాబట్టి షోరూములో అడగవలసింది "మ్యాపు వుందా?" అని కాదు, "ఫోను తగిలించే తెర వుందా?" అని. ఆ తెర కూడా లేని బండైతే కొన్ని వందల రూపాయల హోల్డరు ఒకటి ఏ.సి. గాలి తగిలే చోట బిగిస్తే సరి, ఎండకు కాగదు.

చేత్తో ఫోను పట్టుకొని నడపడం మాత్రం మన దేశంలో కుదరదు. 2020 అక్టోబరు నుంచి మన నిబంధనలు దారి చూసుకోవడానికి మాత్రం, అదీ ఏకాగ్రత చెడకుండా, ఫోను వాడుకోనిస్తున్నాయి. చేత్తో పట్టుకొని మాట్లాడితే మొదటిసారే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా.

గల్ఫ్‌లో కార్లు నడుపుతున్న పిల్లల తల్లులు ఇక్కడ చాలామంది వున్నారు గనుక ఆ మాట కూడా చెప్పాలి. కువైట్‌లో 2025 ఏప్రిల్ నుంచి అమలైన కొత్త చట్టం ప్రకారం బండి నడుపుతూ చేత్తో ఫోను పట్టుకొంటే 75 దీనార్లు. అంతకు ముందు 5 దీనార్లే. ఇంటి డ్రైవరు నెల జీతంలో అది ఎంత పెద్ద ముక్కో మీకు మేము చెప్పాలా? ఎమిరేట్స్‌లో 800 దిర్హాములు, పైన నాలుగు బ్లాక్ పాయింట్లు. అక్కడ యజమాని బండిలో తెర వుంటుంది గాని చాలాసార్లు అది అరబ్బీలో వుంటుంది. కొత్తగా వెళ్ళిన పిల్లవాడికి అరబ్బీ అక్షరం తెలిసినా మాట తెలియదు. మా బడిలో చదివిన పిల్లలు ఉర్దూ లిపి బలంతో బోర్డులు కూడబలుక్కొని చదువుతారు, అంతవరకు మాకు సంతోషం. 2018 నుంచి గూగుల్ మ్యాప్స్ తెలుగులో మాట్లాడి దారి చెబుతున్నది. కొడుకు విమానం ఎక్కే ముందు ఇంట్లో ఎవరైనా కూర్చోబెట్టి ఆ తెలుగు మాట పెట్టించండి, హోల్డరు ఒకటి సంచిలో వెయ్యండి. ఊరగాయ సీసాలు పెట్టేటప్పుడు దీనికి చోటు లేకుండా పోదు.

అక్కడివారి ఏర్పాటులో మనం నేర్చుకోవలసింది ఒకటుంది. దుబాయిలో ప్రతి కట్టడానికీ మకానీ అని పది అంకెల నెంబరు గోడ మీద వుంటుంది. కతర్‌లో నీలం పలక మీద జోను, వీధి, కట్టడం నెంబర్లు. కువైట్‌లో కువైట్ ఫైండర్ అని సర్కారు వారి యాప్. ఆ నెంబరు కొడితే బండి తిన్నగా గుమ్మం దగ్గర ఆగుతుంది. మన దగ్గర అడ్రసు ఎలా చెబుతాం? "మసీదు దాటాక, కొబ్బరి కాయల రాశి పక్క సందు, రేకుల షెడ్డు ఎదురిల్లు." కాయలు లారీకి ఎత్తేశాక అడ్రసు కూడా పోయినట్టే!

ఇందులోనే పేర్ల గొడవ. విమానం దిగే గన్నవరం విజయవాడ పక్కన, అక్విడక్టు గన్నవరం మన పక్కన. నగరం మన పొరుగూరు, బాపట్ల జిల్లాలో ఒకటి, హైదరాబాదు శివారులో ఇంకొకటి. కొత్తపేట ఇక్కడా వుంది, హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్ దగ్గరా వుంది. ఊరి పేరు కొట్టగానే పైన వచ్చిందాన్ని నొక్కేయకుండా జిల్లా చూసి, కిలోమీటర్లు చూసి నొక్కాలి. పదిహేను కిలోమీటర్ల దూరానికి మూడు గంటలని చూపిస్తే అది మన గన్నవరం కాదన్నమాట.

పెద్దవాళ్ళు ఇంకొక ఫిర్యాదు చేస్తారు, "ఫోనులో ఉత్తరం ఎటో తెలిసి చావదు" అని. బడి గోడ మీది పటంలో ఉత్తరం ఎప్పుడూ పైన వుంటుంది. ఫోనులో బండి ఎటు పోతుంటే అది పైన. అలవాటే గాని తప్పేమీ కాదు. 1154లో సిసిలీ రాజు రోజరు కొలువులో అల్ ఇద్రీసీ తయారు చేసిన ప్రపంచ పటంలో దక్షిణమే పైన. ఫోనులో దిక్సూచి గుర్తు మీద నొక్కితే బడి పటంలా ఉత్తరం పైకి వస్తుంది.

ఇప్పుడు భయపడవలసిన మాట. 2024 నవంబరు 24న ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర రామగంగ మీద సగం తెగిన వంతెన పైనుంచి కారు పడి ముగ్గురు చనిపోయారు. వంతెన భాగం అంతకు ముందే వరదకు కొట్టుకుపోయింది. మ్యాపులో మాత్రం వుంది. అడ్డంగా నాలుగు రాళ్ళు పెట్టవలసిన వారు పెట్టలేదు. 2023 అక్టోబరు 1న కేరళలో ఎర్నాకుళం జిల్లాలో వానలో, రాత్రివేళ, కారు పెరియార్ నదిలోకి పోయి ఇద్దరు యువ డాక్టర్లు పోయారు. 2024 మే నెలలో అదే కేరళలో కురుప్పంతర దగ్గర హైదరాబాదు నుంచి వెళ్ళిన యాత్రికుల కారు మ్యాపు చూసుకొంటూ వాగులో దిగింది. దేవుడి దయవల్ల వాళ్ళు బయటపడ్డారు. ఈ మూడింటిలోనూ నీళ్ళున్నాయి, చీకటో తెలియని ఊరో వుంది.

మనది నీళ్ళ ఊరు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షల దగ్గరే ఎగరేస్తారని మీకు తెలుసు. 1986 ఆగస్టు వరద చూసిన పెద్దలకైతే చెప్పనే అక్కరలేదు. అటువంటి రోజున మ్యాపులో రోడ్డు రోడ్డులాగే వుంటుంది. కనకాయలంక కాజ్‌వే ఏటా వరదల్లో మునుగుతూ వచ్చింది, అది మునిగిన సంగతి బండి మ్యాపుకు ఎన్నటికీ తెలియదు. ఫోనుకు ఎవరైనా చెబితే తెలుస్తుంది. సఖినేటిపల్లి - నరసాపురం పంటు కూడా అంతే. వశిష్ఠకు నీరు పోటెత్తితే పంటు ఆపేస్తారు, ఫోనులో గీత మాత్రం నది మీదుగా పోతూనే వుంటుంది. నొప్పులు పడుతున్న ఆడపిల్లను నరసాపురం ఆసుపత్రికని తీసుకుపోయి రేవులో నిలబడితే ఏం చేస్తారు? వెనక్కి తిరిగి చించినాడ వంతెన మీదుగా పోవాలి. ఆ సమయం తిరిగి రాదు. అందుచేత మన వ్యానులో వుండే ఫోనులో 'ఫెర్రీలు వద్దు' అన్న చోట గుర్తు పెట్టి వుంచాలి. పంటు కావాలంటే రేవుకు ఫోను చేసి కనుక్కొని అప్పుడు పోవాలి. వరద హెచ్చరిక వున్న రోజుల్లో లంక దారి పట్టేముందు ఆ లంకలో తెలిసిన వారికి ఒక ఫోను కొట్టాలి. దీనికి బదులుగా పనిచేసే యంత్రం ఇంకా ఎవరూ అమ్మడం లేదు.

కాబట్టి సంఘానికి మా మనవి ఇది. చిన్న మోడలు కొనండి, ఫోను తగిలించే తెర వున్నది చూసి కొనండి. మిగిలిన డబ్బులో కొంత పెట్టి వ్యానుకంటూ వేరే ఫోను ఒకటి కొనండి. డ్రైవరు సొంత ఫోను మాటలకు, బండి ఫోను దారికి. టవరు ఒకరిది అందకపోతే మరొకరిది అందేటట్టు రెండు కంపెనీల సిమ్ములు వేయండి. నెలకొకసారి ఆఫ్‌లైన్ నక్షా కొత్తది దింపే పూచీ ఒకరి మీద పెట్టండి. 'ఎవరో ఒకరు చేస్తారు' అని వదిలితే మన సంఘంలో ఏమవుతుందో మినిట్స్ పుస్తకం చూస్తే తెలుస్తుంది. ఆక్సిజన్ సిలిండరు, మంచి స్ట్రెచరు కూడా మిగిలిన డబ్బులోనే వస్తాయేమో లెక్క చూడండి. రోగికి తెర కన్న అవి అవసరం.

ఇంటి అడ్రసుల పని మనం చేసుకొనేదే. 2025 మేలో తపాలా శాఖ వారు డిజిపిన్ అనే పద్ధతి తెచ్చారు. హైదరాబాదు ఐ.ఐ.టి., ఇస్రో వారి దూరగ్రహణ కేంద్రం కలిసి చేసిన పని. దేశాన్నంతటినీ సుమారు 4 మీటర్ల చదరాలుగా కోసి, ఒక్కొక్క చదరానికి పది అక్షరాలు, అంకెల గుర్తు ఇచ్చారు. ఇంటి గుమ్మంలో నిలబడి తపాలా శాఖ వెబ్‌సైటులో చూసుకొంటే మన ఇంటి గుర్తు తెలుస్తుంది. రేషన్ కార్డు అట్ట వెనుక రాసిపెట్టుకోండి. అర్ధరాత్రి ఇంట్లో ముసలమ్మ ఒక్కర్తే వున్నా ఆ పది అక్షరాలు చదివి చెప్పగలదు, లేదా పక్కింటి పిల్లవాడు చదువుతాడు.

గూగుల్ మ్యాప్స్‌లో లేని చోట్లు మనమే పెట్టవచ్చు, తప్పుగా వున్న పేర్లు దిద్దవచ్చు. వారు సరి చూసుకొని వేస్తారు. మసీదు, బడి, ఖబరస్తాన్, రేవు, వరదకు మునిగే చోటు, ఇవి పెట్టాలి. ఇళ్ళు పెట్టవద్దు. ఫలానా వారి ఇల్లు అని ఆడవాళ్ళు ఒంటరిగా వుండే ఇంటి పేరు లోకమంతా చూసే నక్షాలో రాయడం మాకు నచ్చదు. ఇంటి గుర్తు సంఘం పుస్తకంలో వుంటే చాలు. ఆ మాటకొస్తే పాత కారు అమ్మేటప్పుడు దాని తెరలో దాచుకొన్న 'ఇల్లు' అడ్రసు తుడిచేసి మరీ అమ్మండి.

పదో తరగతి పిల్లలు ఎనిమిదిమంది ఈ పనికి పేర్లిచ్చారు. వచ్చే ఆదివారం అసర్ నమాజు తరువాత సెంటరు దగ్గర కలుసుకొని, ఇద్దరిద్దరుగా వీధులు పంచుకొని ప్రతి ఇంటి గుర్తూ రాసుకొస్తారు. పేర్లు తెలుగులోను, ఉర్దూలోను రాయాలని చెప్పాం. పిల్లలు తలుపు తట్టినప్పుడు ఎవరి ఇంటి ముందు నిలబడి ఫోను చూస్తున్నారోయ్ అని కసరకండి, కాసిన్ని మంచినీళ్ళు ఇవ్వండి. పేరు ఇవ్వదలచిన వారు ఇంకా వుంటే సభ అయ్యాక మా దగ్గరికి రండి. సెలవు. ఖుదా హాఫిజ్.